తాగొద్దని మేము చెప్పుకుంటాం, అమ్మొద్దని మీరు చెప్పండి

శ్రీకాకుళం జిల్లాలో మద్యం అమ్మకాలను పర్యవేక్షించే అధికారులకు, పోలీసు అధికారులకు, మా ఓట్లతో గెలిచిన ప్రజాప్రతినిధులకు

నమస్కారం.

మాది ఉద్దానంలో జాతీయ రహదారికి లోపలగా, కొబ్బరి తోటలకూ జీడి తోటలకూ మధ్య ఉన్న ఊరు. ఊరి పేరు రాయడం లేదు. ఊళ్లో దొంగచాటు మద్యం అమ్మకాలు ఆపించమని ఇంతకుముందు ఊరి పేరు, మా పేర్లు, సంతకాలు అన్నీ పెట్టి అర్జీ ఇచ్చాం. ఆ అర్జీ ఏ బల్ల మీద ఆగిపోయిందో మాకు తెలియదు. సంతకాలు పెట్టిన ఆడవాళ్ల పేర్లు మాత్రం ఆ సాయంత్రానికే బెల్టు షాపు (లైసెన్సు లేకుండా మద్యం అమ్మే చోటు) అరుగు మీద వినిపించాయి. ఆ రాత్రి మాలో ఇద్దరి ఇళ్ల ముందు నిలబడి ఎవరో బూతులు తిట్టి వెళ్లారు. అందుకే ఈసారి పేర్లు లేకుండా, అందరూ చదివేలా రాస్తున్నాం.

నేను మా గ్రామైక్య సంఘంలో, అంటే ఊళ్లోని ఆడవాళ్ల పొదుపు సంఘాలన్నీ కలిసిన సంఘంలో, లెక్కలు రాసే మనిషిని. ఏ ఇంట్లో ఏ నెల అప్పు వాయిదా తప్పిందో, ఎందుకు తప్పిందో నా పుస్తకంలో ఉంటుంది.

మా ఊళ్లో మద్యం దుకాణం లేదు. లైసెన్సు ఉన్న దుకాణం పక్క ఊరి దగ్గర ఉంది. మా ఊళ్లో ఉన్నవి ఒక కిరాణా కొట్టు వెనక గది, చెరువు గట్టు మీద ఒక పాన్ బడ్డీ, ఎవరూ బోర్డు పెట్టని ఒక పాక. ఈ మూడింటి గురించి సోమవారం ఫిర్యాదుల రోజున అర్జీ ఇచ్చాం, టోల్ ఫ్రీ నంబరుకు ఫోను చేశాం, పెద్దలను కలిశాం. దాడికి వస్తారని కబురు ముందు వచ్చేది, తనిఖీ వాహనం తరువాత వచ్చేది. ఖాళీ గది చూసి రాసుకుని వెళ్లేవారు. చివరికి ఒక అధికారి మాతో అన్న మాట ఇది: “ఇక్కడ మూయిస్తే ఇంకో ఊరు వెళ్లి తాగుతారు. మానవలసింది మీ మగవాళ్లు. ముందు మీ ఇంట్లో చెప్పుకోండమ్మా.”

ఈ లేఖ ఆ మాటకు జవాబు.

ఆ మాటలో సగం నిజముంది. మానడం ఎవరికి వారు చేయవలసిన పనే. ఏ చట్టమూ ఇంట్లోకి వచ్చి మనిషి చేతిలోని గ్లాసు లాక్కోలేదు. అంత శక్తి మనుషుల్లో ఉందని మాకు తెలుసు కూడా. ఏటా కార్తీకం వచ్చేసరికి మా ఊళ్లో ఎంతోమంది అయ్యప్ప మాల, భవానీ మాల వేసుకుంటారు. “అది పడకపోతే ఒళ్లు వంగదు” అని నిన్నటిదాకా చెప్పిన మనిషే తెల్లవారుజామున చన్నీళ్లు పోసుకుని, ఒంటిపూట తిని, నేల మీద పడుకుని, పగలంతా కొబ్బరి చెట్లెక్కి కాయలు దింపుతాడు. 41 రోజులు చుక్క ముట్టడు. ఆ రోజుల్లో ఆ ఇంటి వాయిదా నా పుస్తకంలో తప్పదు. కనుక మా మగవాళ్లలో నిగ్రహం లేదని దయచేసి మాకు చెప్పకండి. మాల తీసి, పలాసలో రైలు దిగి ఊళ్లోకి నడిచి వస్తుంటే ఇంటికన్నా ముందు పాన్ బడ్డీ ఎదురవుతుంది. వాళ్లు ఓడిపోయేది అక్కడ.

ఇంట్లో చెప్పుకోమన్నారు కదా, చెప్పుకున్నాం. ఊరి పెద్దలు, యువజన సంఘం వాళ్లు, మేము రామమందిరం దగ్గర కూర్చుని తీర్మానం చేసుకున్నాం. పెళ్లి విందులో మందు పోయకూడదు. గ్రామదేవత సంబరాల చందాలోంచి ఒక్క రూపాయి కూడా దానికి వెళ్లకూడదు. సంఘం అప్పు తీసుకున్న ఇల్లు తాగుడుకు ఖర్చు చేస్తే మరుసటి అప్పు ఆగుతుంది. తాగి గొడవ చేసినవారికి జరిమానా వేద్దామని కొందరు అన్నారు. ఆడవాళ్లమే వద్దన్నాం. ఆ జరిమానా కట్టేది చివరికి ఆ ఇంటి ఇల్లాలే. పెళ్లిళ్లలో మాట చాలావరకు నిలిచింది. సంబరాల్లో సగం నిలిచింది. చావు ఇళ్లలో మాత్రం ఇంకా నిలవలేదు. పాడె మోసినవారికి, గొయ్యి తవ్వినవారికి పోయించడం, పెద్దకర్మ నాడు మళ్లీ పోయించడం మర్యాదగా మారిపోయింది. ఏడుస్తున్న ఇంటికి వెళ్లి వద్దని చెప్పడానికి మాకు నోరు రావడం లేదు. అయినా ఆ పని మాది, మేమే చేసుకుంటాం.

“ఊరంతా తాగుతుంటే ఎవరిని ఆపగలం” అనే మాట కూడా విన్నాం. ఊరంతా తాగడం లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 ఏళ్లు దాటిన మగవారిలో తాగేవారు సుమారు 23 శాతం. అంటే నలుగురిలో ముగ్గురు తాగనివారే. వాళ్లు రోడ్డు మీద పడి ఉండరు, గొడవ చేయరు, అందుకే లెక్కలోకి రారు. ఇక “మితంగా తీసుకుంటే ఆరోగ్యానికి మంచిదే” అనే చదువుకున్నవారి మాట. మద్యం క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే మొదటి వర్గంలో చేర్చింది. ఇంత వరకు తాగితే ప్రమాదం లేదని చెప్పగల హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా ప్రకటించింది. మితం గురించి ఉపన్యాసం ఇచ్చేవారు ఒకసారి ఆ ప్రకటన చదివితే మంచిది.

ఇప్పుడు మీ వంతు. ఊళ్లో దొంగచాటుగా అమ్మే మద్యం సామాన్యుల ఇళ్లను ఏమి చేస్తున్నదో వరుసగా రాస్తున్నాను.

1. దుకాణానికి వేళలున్నాయి, బెల్టు షాపుకు లేవు. లైసెన్సు దుకాణం ఉదయం 10 గంటలకు తెరిచి రాత్రి 10 గంటలకు మూయాలి. మా ఊళ్లో కోడి కూయకముందే గది తలుపు తెరుచుకుంటుంది. ఇక్కడి పనులన్నీ తెల్లవారుజామువే. పడవ నీళ్లలోకి తోసేది అప్పుడే, కొబ్బరి దింపుకు బయలుదేరేది అప్పుడే. పొద్దున్నే తాగి చెట్టెక్కిన మనిషి పడితే బతికినా నడుము పనిచేయదు. మంచం మీద ఉన్న మనిషినీ సంసారాన్నీ లాగవలసింది జీడి పిక్కలు ఒలిచే భార్య. పది గంటల దాకా మద్యం దొరకకపోతే ఆ మనిషి మామూలుగా పనిలోకి వెళ్లి ఉండేవాడు. మేము అడిగే తేడా అంతే.

2. డబ్బు లెక్క. 2024లో కొత్త మద్యం విధానంతో పాటు 99 రూపాయల క్వార్టర్ వచ్చింది. పేదవాడికి నాణ్యమైన మద్యం తక్కువ ధరకు ఇస్తున్నామని చెప్పారు. పేదవాడు దాన్ని ఆ ధరకు కొనడం లేదు. బెల్టు షాపులో ఇరవై, ముప్పై ఎక్కువ. తక్కువలో తక్కువ 120 అనుకుని, రోజుకు ఒకటే అనుకుంటే నెలకు 3,600 రూపాయలు. 2025–26లో ఉపాధి హామీ కూలి రోజుకు 307. అంటే నెలలో దాదాపు 12 రోజుల కూలి ఒక్క క్వార్టర్‌కే పోతుంది. రెండో సీసా, దానితో పాటు పల్లీలు, గుడ్లు, నీళ్ల ప్యాకెట్లు ఈ లెక్కలో కలపలేదు.

3. ఒకటో తారీఖు. దుకాణంలో అరువు ఇవ్వరు, బెల్టు షాపులో ఇస్తారు. అసలు దాని బలమంతా ఆ అరువు పుస్తకంలోనే ఉంది. చేతిలో డబ్బు లేనివాడు దుకాణం దాకా వెళ్లినా ఉత్త చేతులతో తిరిగి వస్తాడు. ఇక్కడ పుస్తకంలో రాయించుకుని తాగుతాడు. బాకీ వసూలుకు వాళ్లు ఎంచుకున్న రోజు ఒకటో తారీఖు. ఆ రోజు పొద్దున్నే ముసలివాళ్లకు 4,000 రూపాయల పింఛను ఇంటి గుమ్మంలో అందుతుంది. మధ్యాహ్నానికి కొడుకు చేయి చాపుతాడు. ఇవ్వనంటే ఏమవుతుందో రాయడం నాకు ఇష్టం లేదు. ప్రభుత్వం మందులకూ బియ్యానికీ అని ఇచ్చిన డబ్బు సాయంత్రానికి ఎవరి గల్లాలోకి చేరుతున్నదో చూడాలంటే ఏదైనా ఒక నెల ఒకటో తారీఖున, చెప్పకుండా, మా వైపు రండి. రెండో తారీఖున నా దగ్గరకు వచ్చి “అమ్మా, ఈ నెల వాయిదా ఆపు” అని అడిగేవాళ్లు ఆ ముసలివాళ్ల కోడళ్లే.

4. కిడ్నీ జబ్బు ఉన్న ఇళ్లు. ఉద్దానం పేరు చెబితే దేశమంతటికీ గుర్తుకు వచ్చేది ఇదే. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఈ జబ్బుకు కారణమేమిటో పరిశోధకులే ఇంకా తేల్చలేదు. మద్యమే కారణమని మేము అనడం లేదు, చుక్క ముట్టని ఆడవాళ్లకూ వస్తున్నది. మా బాధ వేరే. డయాలసిస్ మొదలైన మనిషిని వారానికి రెండు మూడుసార్లు ఆసుపత్రికి తీసుకువెళ్లాలి, గంటల తరబడి కూర్చోవాలి, నీరసించిన మనిషిని పట్టుకుని తీసుకురావాలి. ఆ పని చేయవలసిన కొడుకు పొద్దున్నే మత్తులో ఉంటే తండ్రి ఒంటరిగా ఆటో ఎక్కుతాడు. లేదంటే ఆ వారం వెళ్లడం మానేస్తాడు.

5. వలస నుంచి తిరిగి వచ్చిన రోజులు. మా తీరం మగవాళ్లు గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి పడవల మీద నెలల తరబడి పనిచేస్తారు. గుజరాత్‌లో రాష్ట్రం ఏర్పడిన 1960 నుంచి మద్యనిషేధం ఉంది. అక్కడా దొంగచాటుగా దొరుకుతుందని వాళ్లే చెబుతారు. అయితే వెతుక్కోవాలి, ఎక్కువ పెట్టాలి, పట్టుబడితే కేసు. అందుచేత చాలామంది మానుకుంటారు, ఇంటికి డబ్బు పంపుతారు. వానాకాలంలో అక్కడ వేట నిషేధం మొదలవగానే ఊరికి వస్తారు. సముద్రం మీద, ప్రాణం అరచేతిలో పెట్టుకుని సంపాదించింది అప్పటికి చేతిలో ఉంటుంది. ఊళ్లో పని ఉండదు. గడపకు నాలుగు అడుగుల్లో పాక ఉంటుంది. వాళ్లు తిరిగి వెళ్లేనాటికి ఆ ఇంట్లో కొత్త అప్పు రాసి ఉంటుంది. అదే మనిషి, అదే నిగ్రహం. అక్కడ నిలబడింది ఇక్కడ ఎందుకు కూలిపోతున్నదో “ఇంట్లో చెప్పుకోండి” అన్న అధికారి ఒక్కసారి ఆలోచించాలి.

6. పిల్లలు. తండ్రికి సీసా తెమ్మంటే ఆరో తరగతి పిల్లవాడు తెస్తాడు. అమ్మేవాడు ఇస్తాడు. ఇంతకన్నా రాయవలసింది లేదు.

7. మానాలనుకున్నవారు. దీని గురించి ఎవరూ మాట్లాడరు. ఏళ్ల తరబడి రోజూ తాగిన మనిషి ఒక్కసారిగా ఆపితే రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, ఫిట్స్ రావడం, లేనివి కనిపించి మతి తప్పడం జరగవచ్చు. వైద్యం అందకపోతే ప్రాణం కూడా పోవచ్చు. మాల వేసుకున్నవారందరూ తట్టుకుంటున్నారు కదా అని అనుకోవడానికి లేదు, ముదిరినవారి సంగతి వేరు. మా ఊళ్లో ఒకాయన అమ్మవారి ముందు ఒట్టు వేసి, నిజంగానే మానేశాడు. మూడో రాత్రి ఫిట్స్ వచ్చాయి. గాలి సోకిందని ఒకరు, ఒట్టులో లోపం జరిగిందని ఒకరు అంటుండగా, ఎవరో “కొంచెం పోయండి, సర్దుకుంటుంది” అన్నారు. పోశారు, సర్దుకుంది. ఆయన మళ్లీ ఎప్పుడూ మానతానని అనలేదు. ఆ రాత్రి పాకలో సీసా రెండు నిమిషాల్లో దొరికింది. మానాలనుకునే మనిషికి మంచం ఇచ్చి మందులిచ్చే ఆసుపత్రి ఎక్కడుందో మాలో ఒక్కరికీ తెలియదు.

ఇదంతా చదివి, వీళ్లు మద్యనిషేధం అడుగుతున్నారని ఫైలు పక్కన పెట్టకండి. మేము అడగడం లేదు. రాజ్యాంగం 47వ అధికరణం నిషేధానికి ప్రయత్నించమనే ప్రభుత్వాలకు చెబుతున్నది, అది మాకు తెలుసు. అయితే ఈ నేల నిషేధాన్ని చూసింది, ఎత్తివేతనూ చూసింది. 1937లో సేలంలో మొదలైన మద్రాసు నిషేధం 1948 నాటికి మా ప్రాంతానికీ వచ్చింది. 1954లో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం ఆ వివాదం మీదనే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఆనాడు ఉపాధి పోయిన గీత కార్మికుల తరఫున గట్టిగా నిలబడిన సర్దార్ గౌతు లచ్చన్నగారిది మా తీరంలోని బారువే. ఆయన అడిగింది తప్పని నేను అనుకోను. తాటిచెట్టు ఎక్కి బతికేవాడి పొట్ట కొట్టి సాధించే నిగ్రహం మాకూ వద్దు. 1969లో ఆ నిషేధం పోయింది. 1995 జనవరి 16న ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సంపూర్ణ నిషేధం రెండేళ్లు దాటి కొన్నాళ్లకే సడలిపోయింది. ఒడిశా సరిహద్దు పక్కనే ఉన్న మాకు దొంగ సరుకు ఏ దారిన వస్తుందో ఒకరు చెప్పనవసరం లేదు. 2019లో దశలవారీగా ఆపుతామన్నారు, దుకాణాలు ప్రభుత్వం చేతిలోకి వచ్చాయి. 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటు చేతుల్లోకి వెళ్లాయి. ప్రతిసారీ ఖజానా లెక్కే గెలిచింది.

వీటన్నిటిలో నిలిచింది ఒకటే అని నాకనిపిస్తుంది. నెల్లూరు జిల్లాలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్లు 1992లో దూబగుంట నుంచి సారా దుకాణాల మీదికి కదిలారు. వర్ధినేని రోశమ్మ పేరు ఆనాడు రాష్ట్రమంతా తెలిసింది. సారా దుకాణాల వేలం పాటలు వాయిదా వేయించారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆ తరువాత ఆ ఆడవాళ్లే సారాకు పోకుండా మిగిలిన దాంట్లోంచి రోజుకు ఒక రూపాయి చొప్పున పొదుపు మొదలుపెట్టారు. నేను ఇవాళ రాస్తున్న పొదుపు పుస్తకానికి మూలం అక్కడుంది. కనుక సంఘం ఆడవాళ్లకు మద్యంతో ఏమి పని అని ఎవరైనా అడిగితే మాకు నవ్వు వస్తుంది.

మా డిమాండ్లు ఇవి. ఒక్కటి కూడా కొత్త చట్టం కోరేది కాదు.

1. బెల్టు షాపుకు సరుకు ఇచ్చిన దుకాణానికి మొదటిసారి 5 లక్షల రూపాయల జరిమానా, రెండోసారి లైసెన్సు రద్దు అని ప్రభుత్వమే ప్రకటించింది. ఈ జిల్లాలో ఎన్ని దుకాణాలకు ఆ జరిమానా వేశారో, ఎన్ని లైసెన్సులు రద్దు చేశారో పేర్లతో సహా ప్రకటించండి. పాకలో అమ్మే కూలీని పట్టుకుని కేసు పెట్టి, సరుకు పంపినవారిని వదిలేయడం ఇక ఆపండి.

2. ఆధారం లేదని అంటున్నారు. మా ఊరి ఆడవాళ్లు చెరువు గట్టు మీద ఖాళీ సీసాలు ఏరి బస్తాల్లో దాచారు. సీసా మీది చీటీనీ కోడ్‌నూ పట్టుకుని అది ఏ డిపో నుంచి ఏ దుకాణానికి వెళ్లిందో తెలుసుకునే ఏర్పాటు మీ దగ్గర ఉంది. నకిలీ మద్యం బయటపడిన 2025లో ఆ కోడ్‌ను మేమే స్కాన్ చేసి చూసుకోవచ్చని మీరే చెప్పారు. ఆ బస్తాలు తీసుకుని రసీదు ఇవ్వండి. నెలలోపు ఏ దుకాణం సరుకో రాతపూర్వకంగా చెప్పండి.

3. ఫిర్యాదు చేసినవారి పేరు బయటికి పొక్కితే, పొక్కించిన ఉద్యోగి మీద చర్య తీసుకోండి. దాడికి స్థానికంగా రోజూ తిరిగే సిబ్బందిని కాకుండా వేరే మండలం వారిని పంపండి.

4. 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపు మద్యం అమ్మవద్దన్నది. జనాభా 20 వేలు మించని చోట్ల 2017లో ఆ దూరాన్ని 220 మీటర్లకు తగ్గించింది. మంచి తీర్పే. దాని ఫలితంగా హైవే మీది దుకాణం లోపలికి జరిగి మా పల్లెలకు దగ్గరైంది. ఇప్పటి లైసెన్సుల గడువు 2026 సెప్టెంబరు నెలాఖరుతో ముగుస్తుంది. తరువాతి దుకాణం ఎక్కడ పెట్టాలో నిర్ణయించే ముందు చుట్టుపక్కల గ్రామసభల మాట వినండి. గిరిజన షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల కోసం చేసిన 1996 నాటి పెసా చట్టం సీతంపేట మన్యంలోని గ్రామసభకు మద్యం అమ్మకాన్ని ఆపే, నియంత్రించే అధికారం ఇచ్చింది. కొండ దిగువన ఉన్న మాకు ఆ చట్టం వర్తించదు. మందస కొండల్లో షెడ్యూల్డ్ ప్రాంతం వెలుపల ఉండిపోయిన అనేక సవర గూడేలకూ వర్తించదు. అధికారం ఇవ్వలేకపోతే కనీసం అభిప్రాయం అడగండి.

5. పింఛను ఇచ్చే రోజు, దాని మరుసటి రోజు ఊళ్లలో ప్రత్యేక తనిఖీ పెట్టండి. అరువు పుస్తకం దొరికితే స్వాధీనం చేసుకోండి. అందులో ఉన్న బాకీకి చట్టంలో విలువ లేదని దండోరా వేయించండి.

6. పలాస, సోంపేట, టెక్కలి ఆసుపత్రుల్లో తాగుడు మానాలనుకునేవారికి కొన్ని మంచాలు, మందులు, ఒక శిక్షణ పొందిన వైద్యుడు ఉండేలా చూడండి. 14446 అనే జాతీయ సహాయ నంబరు ఉందని మా సంఘంలో చదువుకున్న అమ్మాయి చెబితే తెలిసింది. 99 రూపాయల ధర ఊరూరా తెలిసినప్పుడు ఆ నంబరు ఎందుకు తెలియలేదు? ప్రతి దుకాణం ముందు, ధరల పట్టిక పక్కన, అంతే పెద్ద అక్షరాలతో ఆ నంబరు రాయించండి.

ప్రజాప్రతినిధులకు విడిగా ఒక మాట. బెల్టు షాపు ఎవరి అండతో నడుస్తున్నదో ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అది పార్టీ మారినప్పుడల్లా జెండా మారుస్తుంది, చోటు మారదు. మీ పేరు చెప్పుకుని అమ్ముతున్నారు. అది అబద్ధమైతే మా ఊళ్లోకి వచ్చి, ఆ పాక ముందు నిలబడి, మా వాడు కాదని ఒక్కసారి చెప్పండి.

ఈ లేఖ నకళ్లు చుట్టుపక్కల గ్రామైక్య సంఘాలకు పంపుతున్నాం. మీ జవాబు రాతపూర్వకంగా కావాలి, పంచాయతీ కార్యాలయం బోర్డు మీద అతికించేలా కావాలి. నెల రోజుల్లో రాకపోతే సీసాల బస్తాలు ఆటోల్లో వేసుకుని మేమే మీ కార్యాలయానికి తెస్తాం. అప్పుడు పేర్లు కూడా చెబుతాం, అందరం ఒకేసారి.

ఇట్లు
ఉద్దానంలోని ఒక గ్రామైక్య సంఘం మహిళల తరఫున
సంఘం లెక్కలు రాసే సభ్యురాలు
శ్రీకాకుళం జిల్లా